యాదన్న పెట్టిన యాభై

ఫిబ్రవరి 6, మంగళవారం

పాలు లీటరు. కూర బీరకాయ. గ్యాస్ బండ మార్చాను.

నిన్న మధ్యాహ్నం పాశమైలారంలో యాదన్న పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ద్రావకం ఆవిరి లీకయింది. డ్రమ్ములు నింపే గదిలో ఉన్న సుదాం బెహరా అనే ఒడిశా మనిషి పడిపోయాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు, స్పృహ వచ్చిందట. గోడకు బిగించిన గ్యాస్ అలారం పెట్టె మాత్రం మోగలేదు.

ఆ పెట్టె మా లాస్య కంపెనీ చేసింది. లోపలి డ్రైవర్ అనే ప్రోగ్రాం లాస్యే రాసింది. ఆ ఫ్యాక్టరీలో పెట్టెలు చూసుకునే టెక్నీషియన్ యాదన్న. మా వెనక వాటాలో భార్య జ్యోతితో కిరాయికి ఉంటాడు. అన్నీ ఒకే ఇంటికి చేరాయి.

లాస్య ఫోన్ పట్టుకొని మేడ మీద తిరుగుతోంది. నా మనవరాలు పనిలో అజాగ్రత్త చేసే పిల్ల కాదు. ఇంటర్‌లో దానికి ఫిజిక్స్ చెప్పింది నేనే.

ఫిబ్రవరి 7

లాస్య అన్నం తినలేదు. అడిగితే తలనొప్పి అంది. తలనొప్పే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 8, గురువారం

ఈ రోజు లాస్య తనంతట తనే నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. ఇంట్లో పని చేసుకోవడానికి కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి మూడు నెలలుగా అక్కడే ఉంది. ఊరగాయ జాడీలకు చోటు లేకుండా చేసింది.

"నానమ్మా, జెర చూడు. రేపు ఎవరన్న అడిగితే నీకు తెల్వాలె గదా."

"నన్ను ఎవరు అడుగుతారే?"

"ఊకెనే అంటున్న."

డ్రైవర్ అంటే ఏమిటో చెప్పమన్నాను. "కంప్యూటర్‌కు నడిమిట్ల కెర్నెల్ అని ఒకటుంటది. ఏ వస్తువు వచ్చి తగిలినా ముందు దానికే తెలుస్తది. గా వస్తువుతోటి ఎట్ల మాట్లాడాల్నో కెర్నెల్‌కు నేర్పేది డ్రైవర్. నేను రాసిందదే."

"వస్తువు సంగతి బయటి వాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"చిన్న చిన్న ఫైళ్లు కనబడతయి. ఒకదాంట్ల గాలిల ఆవిరి ఎంతున్నదో ఉంటది. ఇంకోదాంట్ల లిమిట్, అంటే ఎంత దాటితే మోగాల్నో. మేము అట్రిబ్యూట్స్ అంటం."

"లక్షణాలు" అన్నాను.

"ఆఁ, గవే. స్క్రీన్ నడిపే ప్రోగ్రాం ఆ ఫైళ్లను చదివే పచ్చ లైటు వేస్తది, ఎర్ర లైటు వేస్తది."

తర్వాత కీబోర్డు మీద ఏదో కొట్టి, కాసేపు ఆగి, స్క్రీన్ మొదలుపెట్టింది. 'లిమిట్: 50' అని కనిపించింది. పచ్చ దీపం. శానిటైజర్‌లో తడిపిన దూదిని పెట్టె మూతి దగ్గర పెట్టగానే ఎర్రబడి, చెవులు చిల్లులు పడేలా మోగింది. నేను కూడా రెండుసార్లు పెట్టి చూశాను. రెండుసార్లూ మోగింది.

"చూసినవ్ గదా నానమ్మా?"

చూశాను. మనసు తేలికపడింది.

ఫిబ్రవరి 9

మురళీమోహన్ ఫోన్ చేశాడు. యాదన్న ఫ్యాక్టరీలో ఇప్పుడు సేఫ్టీ మేనేజర్. ఒకప్పుడు సంగారెడ్డి కాలేజీలో నా విద్యార్థి. లెన్సుల ప్రయోగంలో రీడింగులు కల్పించి రాసి నా చేత తిట్లు తిన్నవాడు.

"మేడం, మీకు తెల్వనిది కాదు. గా పెట్టెల ఏమన్న లోపమున్నదంటరా? మీరు చెప్తె నాకు ధైర్యం."

నేను చూసినది చూసినట్టు చెప్పాను. లిమిట్ కనిపించింది, దూది పెట్టగానే మోగింది, నా చేత్తోనే చేశాను. పెట్టెలో లోపం లేదు.

"ఇగ చాలు మేడం" అన్నాడు.

ఫిబ్రవరి 10, శనివారం

పెట్టెలో లిమిట్ పెట్టడం మరిచాడని యాదన్నను సస్పెండ్ చేశారు.

పొద్దున పెరట్లో నల్లా దగ్గర ఎదురయ్యాడు. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

"టీచరమ్మా, నేను లిమిట్ పెట్టిన. యాభై పెట్టిన. పెట్టె బిగించిన నాడే పెట్టిన."

"ఆ రోజు స్క్రీన్ మీద లిమిట్ లేదని ఉందట కదా?"

"ఉన్నది. నేను గూడ చూసిన. కరెంటు పొయ్యి వచ్చింది గా నాడు. సుదాంను బయటికి గుంజినంక నేనే లోపలికి పొయ్యి ఫైల్ తెరిచి చూస్తె మంచిగ యాభై ఉన్నది. అదే చెప్తె, మోగనందుకు భయపడి నువ్వే అప్పుడు పెట్టినవ్ అంటున్నరు."

"యాదన్నా, మరిచిపోవడం అందరికీ ఉంటుంది. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది."

అతను నన్ను చూసిన చూపు రాయడానికి నాకు మాట దొరకడం లేదు. బిందె ఎత్తుకుని వెళ్లిపోయాడు. నల్లా నేనే కట్టేశాను.

ఫిబ్రవరి 11

జ్యోతి రోజూ మా వాకిట్లో కూడా ముగ్గు వేసేది. ఈ రోజు వాళ్ల గుమ్మం వరకే వేసింది.

నేను అడగలేదు. తనే చెప్పింది. "మీ నోటి మాటకే మా ఆయన నౌకరి పోయిందంట అమ్మా. మురళి సార్ అందరి ముంగట అన్నడంట, మా మేడమే చూసి చెప్పింది, ఇగ దాని మీద మాట లేదని. మాకెవరున్నరు చెప్పనీకె?"

నేను నిజమే చెప్పాను. చూసినదే చెప్పాను. నిజం చెప్పినందుకు నేనెందుకు తల దించుకోవాలి?

ఫిబ్రవరి 13, మంగళవారం

నిద్ర సరిగా లేదు. కారణం లేదు.

కాలేజీలో ముప్పై ఏళ్లు ప్రాక్టికల్స్ చేయించాను. ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేదాన్ని. మీకు అనుకూలమైన వరసలో చేసి చూసి ఫలితం వచ్చిందని సంబరపడకండి, అసలు చోట ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలో చేయండి అని. గురువారం లాస్య ముందు కీబోర్డు మీద కొట్టి, ఆగి, ఆ తర్వాతే స్క్రీన్ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో కరెంటు పోయి వస్తే కీబోర్డు కొట్టడానికి ఎవరుంటారు?

ఈ ప్రశ్న నేను మురళీమోహన్‌కు చెప్పేముందే వేసుకోవలసింది. లాస్య నా పక్కన కూర్చుంది కాబట్టి వేసుకోలేదు.

అడుగుతాను. వివరణ ఉండే ఉంటుంది.

ఫిబ్రవరి 14

అడిగాను. "గదంత ఒక్కటే నానమ్మా. ఎట్ల చేసినా ఒక్కటే" అని లాప్‌టాప్ మూసేసి స్నానానికి వెళ్లింది.

ఒక్కటే అంటే ఒక్కటే. లాస్య నాతో అబద్ధం చెప్పదు.

ఫిబ్రవరి 15, గురువారం

లాస్య ఆఫీసుకు వెళ్లాక టేబుల్ దగ్గర కూర్చున్నాను. కీబోర్డు ముట్టుకోలేదు. గోడ స్విచ్ ఆపి, మళ్లీ వేశాను. కరెంటు పోయి వచ్చినట్టు.

పెట్టె లేచింది. లిమిట్ యాభై. పచ్చ దీపం.

మళ్లీ ఆపి వేశాను. యాభై.

మళ్లీ వేశాను. దీపం పచ్చగానే ఉంది. స్క్రీన్ మీద 'లిమిట్: లేదు'.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. లేదు అనే ఉంది. శానిటైజర్‌లో దూది తడిపి మూతి దగ్గర పెట్టాను. ఆవిరి అంకె పెరుగుతూ పోయింది. యాభై దాటింది, వంద దాటింది. పెట్టె మోగలేదు. వేళ్లు చల్లబడేదాకా దూది అలాగే పట్టుకున్నాను. వంటింట్లో కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడ్డాను.

తర్వాత ఇంకా చాలాసార్లు చేశాను. ఎక్కువసార్లు యాభై వచ్చింది. అప్పుడప్పుడు లేదు వచ్చింది. నేను ఏమీ మార్చలేదు. ఎవరూ మార్చలేదు.

యాదన్న పెట్టాడు.

ఫిబ్రవరి 16

ఈ రోజు రాయవలసినది లేదు.

ఫిబ్రవరి 17, శనివారం

లాస్యను కూర్చోమన్నాను. దాని ముందే స్విచ్ ఆపి వేయడం మొదలుపెట్టాను. రెండోసారికే అది నా చేయి పట్టుకుంది.

"ఇగ వద్దు నానమ్మా."

"లేదు అని రావాలి కదా, రానీ."

"నాకు తెల్సు. వద్దు."

నాకు తెల్సు అంది. నేను గ్లాసెడు నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. మొదటినుంచీ చెప్పమన్నాను.

"డ్రైవర్ల డివైస్‌ను, అంటే వస్తువును, కెర్నెల్ దగ్గర రిజిస్టర్ చేస్తం. గది చేసిన క్షణమే కెర్నెల్ చాటింపు వేస్తది, ఫలానా వస్తువు వచ్చిందీ అని. స్క్రీన్ ప్రోగ్రాం గా చాటింపు కోసమే చూస్తుంటది. వినంగనె ఉరికొచ్చి లిమిట్ ఫైల్ తెరుస్తది."

"తెరవనీ."

"నేను ముందు రిజిస్టర్ చేసి, ఆ తర్వాత ఒక్కొక్క ఫైల్ తయారు చేసిన. నడుమ రెప్పపాటు గూడ ఉండదు. కానీ గా సందుల ప్రోగ్రాం వచ్చిందనుకో, లోపల యాదన్న పెట్టిన లిమిట్ ఉన్నా, చూపెట్టే ఫైల్ ఇంక పుట్టి ఉండదు. ఈ పెట్టెకు అలారమే లేదనుకొని పచ్చ లైటు వేసి కూసుంటది. మళ్ల చూడదు."

"నీ టేబుల్ మీద ఎందుకు తప్పలేదు?"

"నేను చేత్తోటి ముందు డ్రైవర్ ఎక్కిస్త, తర్వాత స్క్రీన్ మొదలుపెడ్త. అప్పటికి ఫైళ్లన్నీ ఉంటయి. కరెంటు పొయ్యి వస్తె ముందు స్క్రీన్ ప్రోగ్రామే లేచి కాసుకొని ఉంటది."

"సరైన పద్ధతి ఏమిటి?"

"అట్రిబ్యూట్లన్నీ ఒక గుంపుగ కట్టి, రిజిస్టర్ చేయకముందే డివైస్‌కు అప్పజెప్పాలె. అప్పుడు కెర్నెలే ముందు ఫైళ్లు తయారుచేసి, ఆ తర్వాత చాటింపు వేస్తది. ప్రోగ్రాం ఎంత ఉరికొచ్చినా ఫైల్ ఉంటది."

"ఎంత పని అది?"

"పది లైన్లు ఉండదు."

"తెలియక చేశావా?"

టేబుల్ గుడ్డ అంచు మడత పెట్టింది. "సమద్ భాయ్ చెప్పిండు. మా సీనియర్. నా కోడ్ చూసి, గిట్ల రిజిస్టర్ చేసినంక ఫైళ్లు పెట్టొద్దు బేటా, గుంపు కట్టి ముందే ఇయ్యి అన్నడు. అప్పుడు డెమో దగ్గరికొచ్చింది. ఒక్కసారి గూడ తప్పలే. తర్వాత మారుస్త అన్న."

"ఫ్యాక్టరీ అడిగినప్పుడు నువ్వు ఏం చెప్పావు?"

"పెట్టె లేచినప్పుడు దానికి లిమిట్ దొరకలేదు అని చెప్పిన. అబద్ధం కాదు నానమ్మా."

అబద్ధం కాదు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నేను మురళీమోహన్‌తో చెప్పినది కూడా అబద్ధం కాదు. ఇద్దరం నిజాలే చెప్పి యాదన్నను ఇంట్లో కూర్చోబెట్టాం.

"సోమవారం దాక ఆగు నానమ్మా. మా సార్‌కు నేనే చెప్త. నా నోటితోటి చెప్పనీయి. నీ కాళ్లు మొక్కుత."

కాళ్లు మొక్కే అలవాటు మా ఇంట్లో లేదు. ఆగుతానన్నాను. తప్పు చేసిన పిల్లకు తనే చెప్పుకునే అవకాశం ఇవ్వడం న్యాయం.

ఫిబ్రవరి 19, సోమవారం

చెప్పిందట. "సార్ చూస్తమన్నరు నానమ్మా. ఫ్యాక్టరీతోటి ఆయననే మాట్లాడ్తరంట." చాలారోజుల తర్వాత రెండు చపాతీలు తింది.

నేను నిలవలేక పెరట్లోకి వెళ్లి యాదన్నతో, త్వరలో మంచి కబురు వస్తుందని చెప్పాను. ఎక్కడినుంచి అని అతను అడగలేదు. జ్యోతి మాత్రం తలెత్తి చూసింది.

ఫిబ్రవరి 21

కబురు లేదు. పెద్ద ఆఫీసుల్లో ఆలస్యం మామూలే.

ఫిబ్రవరి 22

కబురు లేదు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

జ్యోతి గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది. "మంచి కబురన్నరు గదమ్మా. ఆయన గా నాటి సంది గడ్డం గీసుకొని తయారై కూసుంటున్నడు. ఎవరన్న ఫోన్ చేస్తరేమోనని బయటికి గూడ పోతలేడు. ఉన్నదో లేదో చెప్పున్రి, లేకుంటే లేదనున్రి."

మురళీమోహన్‌కు నేనే ఫోన్ చేశాను. ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఒకటి చూపించాలి, ఫోన్‌లో చెప్పేది కాదన్నాను. లాస్యకు ఈ మాట చెప్పలేదు. దానికి తెలియకుండా చేయడం నాకు నచ్చలేదు, కానీ చెప్పలేదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఇది రాసి తీరాలి.

మురళీమోహన్ బత్తాయిలు తీసుకుని వచ్చాడు. యాదన్నను పిలిచాను. అతను లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డాడు. లాస్య వంటింటి గడపలో నిలబడింది. నేను ప్రాక్టికల్ పరీక్షలో చెప్పినట్టు చెప్పాను. మురళీ, ఇది కరెంటు పోవడం, ఇది రావడం, లిమిట్ గీత చూడు, అన్నిసార్లు రాదు, ఓపిక పట్టు.

స్విచ్ ఆపి వేశాను. యాభై.

మళ్లీ వేశాను. యాభై.

మళ్లీ. మళ్లీ. యాభై, యాభై. దూది పెడితే మోగింది. ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు మోగింది. మోగుతుంటే పక్కింటి కుక్క అరవడం మొదలుపెట్టింది. నా చేయి నొప్పి పుట్టింది. మురళీమోహన్ మొదట స్క్రీన్ చూశాడు, తర్వాత వాచీ చూసుకున్నాడు, తర్వాత నన్ను చూడడం మొదలుపెట్టాడు.

"మేడం, కూసోన్రి. మంచినీళ్లు తాగున్రి."

"నేను చూశాను మురళీ. లేదు అని వచ్చింది."

"వచ్చే ఉంటది మేడం. గీ వయసుల కండ్లు... అయినా మీరు చెప్పిన్రనే గదా నేను గట్టిగ నిలబడ్డ. మీ లాస్యనే ఫోన్ చేసి చెప్పింది, మా నానమ్మ కండ్లార చూసింది, కావాల్నంటె అడుగున్రి సార్ అని. గందుకే నేను మీకు ఫోన్ చేసిన."

పెట్టె ఇంకా మోగుతూనే ఉంది. లాస్య వచ్చి దూది తీసేసింది.

యాదన్నే నన్ను ఆదుకున్నాడు. "పోనియ్యున్రి టీచరమ్మా. నాకోసం గింత పరేషాన్ ఎందుకు" అన్నాడు. మురళీమోహన్ వెంట గేటు దాకా వెళ్లి, బైక్ తిప్పుకోవడానికి చోటిచ్చి, అటునుంచి అటే వెనక వాటాకు వెళ్లిపోయాడు.

వాళ్లు వెళ్లాక లాస్యను అడిగాను.

"ఎప్పుడు మార్చావు?"

"గురువారం."

"మీ సార్‌కు చెప్పావా?"

లాస్య చేతిలోని దూదిని నలిపింది.

"సోమవారం చెప్పానన్నావు."

"చెప్పనీకెనే పోయిన నానమ్మా. నోరు రాలే. చెప్తె పెట్టెలన్నీ వాపస్ తెప్పిస్తరు. కంపెనీల నలభై మందిమి ఉన్నం. నన్నొక్కదాన్నే తీసేస్తె గూడ మంచిదే, మొత్తం మూతవడ్తది. గందుకే సరిజేసిన. గుంపు కట్టి ముందే ఇచ్చిన. వెయ్యిసార్లు ఆపి వేసి చూసిన, ఒక్కసారి తప్పలే. ఇగ ఎవరికీ ఏం కాదు. నీకు గావాల్సింది గదే గదా?"

"యాదన్న?"

"ఆయనకు ఇంకో ఫ్యాక్టరీల చెప్పిస్త. సమద్ భాయ్‌కు తెల్సినోళ్లున్నరు."

"మొదట్లో ఆ పెట్టె మోగడం నాకెందుకు చూపించావే? నేను మురళీకి చెప్పాలనేనా?"

వెళ్లి దూదిని చెత్తబుట్టలో వేసింది. నేను రెండోసారి అడగలేదు. క్లాసులో కూడా నేను ఏ ప్రశ్నా రెండోసారి అడిగేదాన్ని కాదు.

దాన్ని ఏడో తరగతినుంచి నా దగ్గర ఉంచుకున్నాను. వాళ్ల అమ్మానాన్నల ఉద్యోగాలు నిజామాబాద్‌లో. సాక్ష్యం అంటే ఏమిటో, కొలత అంటే ఏమిటో దానికి నేర్పింది నేను. ఎవరి మాటకు విలువ ఉందో కూడా బాగానే నేర్చుకుంది.

ఫిబ్రవరి 26, సోమవారం

బత్తాయిలు వెనక వాటాకు పంపాను. తిరిగి పంపారు.

పూజ చేస్తుంటే ఒక సంగతి తట్టింది. దీపం అలాగే వదిలేసి లేచాను.

"లాస్యా, సరిచేసిన డ్రైవర్ ఫ్యాక్టరీల్లో ఉన్న పెట్టెల్లోకి ఎలా వెళుతుంది? నెట్‌లోనా?"

"ఫ్యాక్టరీలోళ్లు పెట్టెలకు బయటి నెట్ ఇయ్యరు. పెన్‌డ్రైవ్ పంపినం. ఎక్కడి టెక్నీషియన్ అక్కడ ఎక్కిస్తడు. కొత్త వెర్షన్ అని చెప్పినం, అంతే."

"యాదన్న ఫ్యాక్టరీలో ఎవరు ఎక్కించారు?"

జడ వేసుకుంటున్న చేతులు ఆగాయి.

"ఎవరు ఎక్కించారే?"

"గాడ ఇంక కొత్తోన్ని పెట్టలే. పెన్‌డ్రైవ్ సెక్యూరిటీ దగ్గర్నే ఉన్నదంట."

"ఆ గది మూసే ఉందా?"

"శనివారం సంది నడుస్తున్నది."

ఎవరికీ ఏమీ కాదు అని నిన్న నా ఎదుట అన్న పిల్ల ఇది. అన్నప్పుడే దీనికి తెలుసు. ఆ గదిలో ఇప్పుడు ఎవరో నిలబడి డ్రమ్ము నింపుతున్నారు, గోడ మీద పచ్చ దీపం చూసుకుని ధైర్యంగా ఉన్నారు.

"రెండు దినాలు టైం ఇయ్యి నానమ్మా. నేనే పొయ్యి ఎక్కిస్త, ఏదో ఒకటి చెప్పి..."

నేను ఫోన్ తీసి మురళీమోహన్‌కు చేశాను. దాని ఎదుటే చేశాను. గదిలోంచి మనుషులను బయటకు పంపమన్నాను. మనుషులు వెళ్లాక పెట్టెకు కరెంటు ఆపి, వేసి చూడమన్నాను. ఒకసారి కాదు, లిమిట్ లేదు అని వచ్చేదాకా చూడమన్నాను. మా ఇంట్లో పెట్టెను సరిచేశారు, మీ గోడ మీది పెట్టెను సరిచేయలేదు, అదే తేడా అని చెప్పాను. పోయినసారి చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను.

మురళీమోహన్ అడిగాడు. "మేడం, లాస్య ఉన్నదా గక్కడ?"

"నా ముందే ఉంది."

ఫోన్ పెట్టేశాక లాస్య అంది, "నన్ను పట్టిచ్చినవ్ నానమ్మా. నీ సొంత మనవరాలిని."

నేను కోపంతో చేయలేదు. ఆదివారం అవమానానికి చేయలేదు. ఆ గదిలో మనుషులు ఉన్నారని చేశాను. కోపంతో మాత్రం చేయలేదు.

ఫిబ్రవరి 27

మురళీమోహన్ ఫోన్. అయిదోసారికి వచ్చిందట. పచ్చ దీపం, లిమిట్ లేదు. ఫైల్ తెరిచి చూస్తే లోపల యాభై ఉందట.

"యాదగిరి పెట్టిందే మేడం" అన్నాడు. అతని పూర్తి పేరు యాదగిరి అని ఈ రోజే తెలిసింది.

ఫిబ్రవరి 28

లాస్య రెండు బ్యాగులతో తెల్లాపూర్ వెళ్లింది. స్నేహితురాలి ఫ్లాట్‌లో ఉంటుందట. ఆటో ఎక్కేముందు టేబుల్ మీది పెట్టెను అట్టపెట్టెలో పెట్టి కట్టింది. నేను పురికొస తెచ్చి ఇచ్చాను.

మార్చి 2

పాలు అర లీటరు చాలన్నాను.

మార్చి 4, సోమవారం

యాదన్న డ్యూటీకి వెళ్లాడు.

జ్యోతి వచ్చి మా గడప మీద కూర్చుంది. "ఆయన నౌకరి మీరే తీపిచ్చిన్రు, మీరే ఇప్పిచ్చిన్రు. మిమ్ముల ఏమనాల్నో నాకైతే తెలుస్తలేదమ్మా."

"ఏమీ అనకు."

"అంట. కొన్ని దినాలు అంట. తర్వాత ఇడిసిపెడ్త."

న్యాయమే అన్నాను. టీ ఇస్తే తాగింది.

మార్చి 6

కంపెనీ మూతపడలేదని మురళీమోహన్ చెప్పాడు. పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తున్నారట. లాస్యను కోడ్ రాసే పనినుంచి తీసి, ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే పనిలో పెట్టారట. సుదాం బెహరా డిశ్చార్జ్ అయ్యాడు. ఊరికి వెళ్లిపోతానంటున్నాడట.

మార్చి 9, శనివారం

యాదన్న డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బాతోనే మా వరండాలోకి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు.

"టీచరమ్మా, ఇయ్యాల కొత్త డ్రైవర్ ఎక్కిచ్చిన. నడ్మల ఆగిపోతె పెన్‌డ్రైవ్‌తోటి వచ్చిన కాయిదం మీదున్న నంబర్‌కు ఫోన్ చేసిన. ఎత్తింది మన లాస్యమ్మనే."

నేను చేతిలోని చిక్కుడుకాయల పీచు తీస్తూనే ఉన్నాను.

"నేను ఫలానా ఫ్యాక్టరీ నుంచి అన్న. పేరు చెప్పలే, గొంతు గుర్తువట్టింది. తర్వాత గిది నొక్కు, గది నొక్కు అని మొత్తం చెప్పింది. గంట సేపు లైన్ మీదనే ఉన్నది. ఎక్కినంక, కరెంటు ఆపి వెయ్యి, మళ్ల వెయ్యి అని నాతోటి మస్తు సార్ల చేపిచ్చింది. అన్నిసార్లు యాభైయే వచ్చింది. అయిపోయింది, పెడ్తున్న అని నేనంటె, 'అన్నా' అన్నది. గంతే. ఏడుస్తున్నదని సమజైంది. నేనే, పోనీయమ్మా, పని మంచిగైంది అని పెట్టేసిన."

"మంచిది" అన్నాను.

"మీరెట్లున్నరని అడగలే టీచరమ్మా. అడుగుతదేమో అనుకున్న."

"నన్నెందుకు అడగాలి యాదన్నా? క్షమాపణ చెప్పుకోవలసింది నీకు."

అది నిజం. ఆ మాట తిన్నగా అతని దగ్గరికే వెళ్లింది, నా ద్వారా కాదు. నేను మధ్యలో ఉండి చెప్పించి ఉంటే దానికి ఇంత విలువ ఉండేది కాదు. పిల్ల ఆ పని సరిగ్గా చేసింది.

యాదన్న వెళ్లాక వరండాలోనే కూర్చున్నాను. ఫోన్ పక్కన పెట్టుకున్నది టైం చూసుకోవడానికి. ఛార్జింగ్ నిండుగా ఉంది, సిగ్నల్ ఉంది. లోపల ఉక్కగా ఉందని ఇక్కడ కూర్చున్నాను.

చిక్కుడుకాయలు ఒక్కదానికి ఎక్కువయ్యాయి. సగం జ్యోతికి ఇచ్చాను.